కోపగించనని వ్రాయించుకొన్న పత్రం

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలనీలో భార్యాభర్తల నడుమ తగవు వస్తే ముందు నా గుమ్మం తొక్కేవారు. పోలీసు స్టేషను తరువాతి మజిలీ. ఓరియంటల్ కళాశాలలో ముప్పైనాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. పంచె కడతాను. నిదానంగా మాట్లాడతాను. ఎదుటివారు చెబుతున్నంతసేపూ కళ్లు మూసుకొని వింటాను. మన సమాజంలో పెద్దమనిషి అనిపించుకోవడానికి ఇంతకు మించిన యోగ్యత అక్కరలేదు. నాతోపాటు మరి ఇద్దరు కూర్చునేవారు: ఉద్యోగ విరమణ చేసిన ఒక బ్యాంకు మేనేజరు, కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు. ముగ్గురం కలిసి ఎన్ని సంసారాలను చక్కదిద్దామో చెప్పలేను గాని, చక్కదిద్దామన్న తృప్తితో ఇళ్లకు వెళ్లి ఎంత సుఖంగా భోజనాలు చేశామో మాత్రం బాగా గుర్తున్నది.

మా పద్ధతి ఇది. సంఘం హాలులో ఉభయ పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టడం, ఒకరి తరువాత ఒకరిచేత చెప్పించడం, తప్పు ఎవరిదో ముగ్గురం చూపులతోనే తేల్చుకోవడం, ఆ పిమ్మట నేను ఒప్పందపత్రం వ్రాయడం. ఆ పత్రాలే నా కీర్తికి మూలం. "ఇకమీదట అత్తగారియెడల పరుషవాక్యము పలుకనని, భర్త అనుజ్ఞ లేక పుట్టింటికి పయనము కానని, మనఃపూర్వకముగ అంగీకరించి చేవ్రాలు చేయుచున్నాను" అని నా చేతివ్రాతలో చదువుతుంటే హాలులో గాలి కూడా వినయంగా వీచేది. మూడు ప్రతులు, ఇరుపక్షాలకు చెరొకటి, మా దగ్గర ఒకటి. ఒక జంట తమ ప్రతికి ప్లాస్టిక్ తొడుగు వేయించి దేవుడి గదిలో పెట్టుకొన్నారని విని నేను పొంగిపోయాను. ఆ జంట ఆ తరువాత ఎట్లా బ్రతికిందని నేను అడగలేదు. వాక్యం బాగున్నదా లేదా అన్నదే నాకు కావలసింది.

ఇంతటి ప్రజ్ఞావంతుడి ఇంట్లో ఒక ఆడపిల్ల పెరిగింది. నా ఒక్కగానొక్క కూతురు, తల్లి లేని పిల్ల. బ్యాంకు పరీక్షలకు శిక్షణ ఇచ్చే కోచింగ్ సెంటరులో రీజనింగ్ చెప్పేది. తరగతిలో మూడు వందల మందిని నవ్విస్తూ, కదలకుండా కూర్చోబెట్టేది. ఆ తరగతి ముగిసి ఇంటికి వస్తే మరొక మనిషి. ఆమెకు స్నేహితులు కారు, దేవతలు దొరికేవారు. నెల తిరిగేసరికి ఆ దేవతలే పిశాచాలు. ఉగాదినాడు "నాన్నా, అలాంటి మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు" అన్న నోటితోనే ఎండాకాలం సెలవులు అయిపోకముందే "దాని పేరు నా ముందు ఎత్తకండి" అనేది. నేను కూడా ఒక ఉదయం మహానుభావుణ్ణి, అదే సాయంత్రం పాషాణహృదయుణ్ణి. పొద్దున నవ్విన కారణం మధ్యాహ్నానికి ఆమెకే గుర్తుండేది కాదు. ఏమీ లేనప్పుడు "లోపల అంతా ఖాళీగా ఉంది, చేత్తో తడితే మోగుతుందేమో" అనేది. ఉపమానం బాగుందని మెచ్చుకొన్నాను. కూతురు తన గుండె విప్పి చూపిస్తే దానికి మార్కులు వేసిన తండ్రిని నేను.

మా బంధువులు నాకంటే తీసిపోలేదు. ఒకరు గారాబం అన్నారు, ఒకరు గ్రహం అన్నారు, ఫోనులో వీడియోలు చూసి మనశ్శాస్త్రం నేర్చుకొన్న నా మేనల్లుడు "టాక్సిక్" అన్నాడు. ఒక మాట నోట్లో పడితే దాని అర్థం కూడా కడుపులో పడ్డదనుకొనే తరం అది. నేను మటుకు అలంకారశాస్త్రాన్ని ఆశ్రయించాను. ప్రియుణ్ణి కసరి పంపివేసి, వాడు గడప దాటగానే పశ్చాత్తాపంతో కుమిలే నాయికకు మన లాక్షణికులు పేరు పెట్టి, ఆమె చేష్టలను ఎంచి, ఉదాహరణలు కూర్చి పెట్టారు. యాభయ్యేళ్లనాడు నేను పరీక్షలో వ్రాసిన సమాధానం అది. నా కూతురు ఆ సమాధానంలో సరిగ్గా సరిపోయింది కాబట్టి ఇక తెలుసుకోవలసిందేమీ లేదనుకొన్నాను. నాయికలు పద్యంతో ముగిసిపోతారు. నా కూతురు మరునాడు లేచి పళ్లు తోముకొని ఉద్యోగానికి వెళ్లాలి. ఆ తేడా నాకు తోచలేదు.

పెళ్లి విషయంలో మాత్రం తన దారి తనదే: తనకు నచ్చినవాణ్ణి తానే చూసుకొన్నది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మోటారుసైకిళ్ల షోరూములో సర్వీసు సూపర్‌వైజరు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడిన కుటుంబం. తండ్రి లేడు, తల్లి ఇంటి ముందు రేకుల షెడ్డులో పిండి గిర్ని నడుపుతుంది, అంటే మనవైపు పిండిమర. అతడు మంచివాడు. మంచివాడన్న మాట నేను చాలామందిని కించపరచడానికి వాడాను. ఇతడి విషయంలో అట్లా వాడలేదు.

పెళ్లయిన ఏడాదిన్నరకు అతడే నా దగ్గరికి వచ్చాడు.

"మామయ్యా, నాకు ఆమెంటె పానం. కాని మస్తు పరేషానైతున్న. పనిల ఉంటే ఫోన్ లాకర్ల పెట్టాలె, అది రూలు. తీసి చూస్తే నలభై కాల్స్ ఉంటయ్. ఇంటికి పోతే ఒకనాడు కాళ్లు పట్టుకుంటది, ఒకనాడు పళ్లెం ఇసిరేస్తది. ఏ నాడు ఏదో తెల్వదు. మా అమ్మ దగ్గర నాలుగు దినాలుండి ఒస్తనంటే, పోతే మల్ల నేనుండ అంటది."

నేను చెప్పవలసింది 'నాయనా, నాకూ తెలియదు' అని. కాని పెద్దమనిషికి తెలియదన్న మాట నోట రాదు. "ఆదివారం హాలుకు తీసుకురా" అన్నాను. సొంత కూతురికి పంచాయితీ పెట్టి నిష్పక్షపాతంగా తీర్పు చెప్పిన తండ్రిగా కాలనీలో చిరకాలం నిలిచిపోతానని నాలో ఎక్కడో ఒక మూల ఆశపడ్డ మాట కూడా దాచను.

ఆ ఆదివారం వియ్యపురాలు రాలేదు. గిర్ని వదిలి రానన్నది. అల్లుడు ఒక కుర్చీలో, అమ్మాయి ఎదురు కుర్చీలో. మేము ముగ్గురం బల్ల వెనుక.

బ్యాంకు మేనేజరు గొంతు సవరించుకొన్నాడు. "అమ్మా, నీకేం తక్కువ చెప్పు? ఉద్యోగం ఉంది, నెమ్మదస్తుడైన మొగుడున్నాడు. దేనికీ లోటు లేదే!"

"లోటు నేనే అంకుల్."

"అలా అనకూడదు."

"ఆయన ఫోన్ ఎత్తకపోతే నాకు ఊపిరాడదు. ఏదో యాక్సిడెంట్ అయి పోయాడనుకుంటా. లేదంటే నన్ను వదిలేశాడనుకుంటా. రెండిట్లో ఒకటి ఖాయం అనిపిస్తుంది."

"ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నాడనుకోవాలమ్మా. ఇంత చదువుకున్నదానివి, పదిమందికి రీజనింగ్ చెప్పేదానివి!"

"అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిస్తే ఆగుతుందా? కడుపునొప్పి వచ్చినప్పుడు మీకు వైద్యం పుస్తకం చదివి వినిపిస్తే తగ్గుతుందా?"

సంఘం అధ్యక్షుడు నవ్వాడు. "మా కాలంలో అసలు ఫోన్లే లేవమ్మా. మేం కాపురాలు చెయ్యలేదా?"

"మీ ఆవిడని అడిగి చెప్పండంకుల్."

అల్లుడికి నవ్వు వచ్చింది, ఆపుకొన్నాడు. నాకు మాత్రం అవమానమయింది. నా సభలో, నా సహచరుడికి, నా కూతురు ఎదురు జవాబు చెప్పింది. ఆమె చెప్పిన అంతకుముందు మాట, ఊపిరాడదన్న మాట, నా చెవికి చేరనే లేదు. పత్రం అప్పటికే మనస్సులో కూర్చుకొంటున్నాను. "ఇకమీదట భర్త విధినిర్వహణమునందుండగా పలుమారు ఫోను చేయనని, అకారణముగ కోపగించనని, విడిచిపోదువన్న అనుమానమును మనస్సున చొరనీయనని..." ఆ మూడవ నియమం దగ్గర నా కలం మరింత మురిసింది. భయాన్ని మనస్సులోకి రానీయనని ఒక మనిషిచేత సంతకం పెట్టించడం! ఉప్పెనకు తాఖీదు పంపిన పాలకుడు కూడా నాకంటే తెలివైనవాడే.

కాగితం చేతికి ఇస్తే అమ్మాయి చదివింది. రెండుసార్లు చదివింది. "సంతకం పెడితే నాన్నా, మీరు నామీద కోపం మానేస్తారా?" అని అడిగింది.

"ముందు చేవ్రాలు చెయ్యి" అన్నాను.

చేసింది. అల్లుడు తన ప్రతిని మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నాడు.

పదకొండు రోజులు నిలబడింది ఆ పత్రం. పన్నెండవ రోజు షోరూములో ఏదో తనిఖీ ఉండి అతడు భోజనం వేళకు కూడా లాకరు తెరవలేదు. ఆమె ఒక్క ఫోను చేసింది. ఒప్పందం ప్రకారం రెండవది చేయలేదు. చేయకుండా మూడు గంటలు ఆగింది. ఆ మూడు గంటలూ ఎట్లా గడిచాయో తరువాత ఒకరికి చెప్పిందట, నాకు చెప్పలేదు. తరగతి మధ్యలో వదిలేసి మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి షోరూములోకి వెళ్లింది. అతడు బండి పక్కన క్షేమంగా నిలబడి ఉండటం చూసి, బ్రతికి ఉన్నందుకు సంతోషించవలసిన మనిషి, బ్రతికి ఉండి కూడా మాట్లాడలేదని అందరి ముందూ అరిచింది. అతడు సిగ్గుతో, అలసటతో జేబులోని నా కాగితం తీసి, పనివాళ్లూ బండ్లు ఇచ్చిపోయేవాళ్లూ వింటుండగా, పైకి చదివాడు. నా వాక్యాలు నాకంటే గట్టిగా చదివాడట. ఎవరో చప్పట్లు కూడా కొట్టారట.

ఆ సాయంకాలం ఆమె తనకు తానే హాని చేసుకొన్నది. ఎట్లా అన్నది వ్రాయను. చదివేవారికి దానితో పని లేదు. బ్రతికింది.

దవాఖానలో పరామర్శలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ యాపిల్ పండ్ల సంచితో వచ్చి, మంచం మీద ఉన్న మనిషిని కాదు, కట్టును చూసి వెళ్లేవారు. మా బ్యాంకు మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "పత్రం సంగతి ఇక్కడ ఎవరితోనూ అనకండి, మన ముగ్గురి పేర్లూ ఉన్నాయి దాంట్లో" అన్నాడు. అతణ్ణి అసహ్యించుకోవడానికి నాకు ఒక నిమిషం పట్టింది. అదే ఆలోచన అతడికంటే ముందు నాకు వచ్చింది గనుక ఆ నిమిషం పట్టింది.

మానసిక వైద్యురాలు నా శిష్యురాళ్ల వయస్సుది. నన్ను ఒంటరిగా పిలిచి, జబ్బు పేరు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని చెప్పింది. దగ్గరివాళ్లు వదిలిపోతారన్న భయం దీని వేరు అని, మిగతావి చాలావరకు ఆ భయం వేసే కేకలని, ఇతరులకు గీరుకొన్నంత నొప్పి వీరికి కాలినంత నొప్పి అని, ఇది నటన కాదని, చికిత్స ఉన్నదని, సమయం పడుతుందని వివరించింది. పేరు విని నేను పెదవి విరిచాను. అల్లుడి దగ్గర తీసుకొన్న పత్రం ఆమె బల్ల మీద ఉన్నది.

"చాలా అందంగా వ్రాశారు సార్" అన్నది.

ఆ పరిస్థితిలో కూడా నాకు సంతోషం కలిగింది. నా నీచత్వానికి కొలత కావాలంటే ఇదే.

"ఒక్క సందేహం సార్. జ్వరం వచ్చినవాళ్ల దగ్గర, ఇకమీదట నూటరెండు దాటనని వ్రాయించుకుంటారా?"

"జ్వరం బుద్ధిపూర్వకంగా తెచ్చుకొనేది కాదమ్మా."

"ఇది బుద్ధిపూర్వకమని మీకెవరు చెప్పారు?"

నేను బల్ల మీది పత్రం వంక చూశాను. ఆమె మళ్లీ అడిగింది: "అమ్మాయికి కోపం వచ్చినప్పుడు మీరేం చేస్తారు?"

"లేచి వెళ్లిపోతాను. అరుపులకు బదులివ్వడం నా స్వభావం కాదు."

"ఎప్పుడు తిరిగొస్తారు?"

"కోపం దిగాక తనే వచ్చి క్షమించమంటుంది. అప్పటిదాకా మాట్లాడను."

"చిన్నప్పట్నుంచీ అంతేనా?"

"చిన్నప్పటినుంచీ."

ఆమె ఏదో వ్రాసుకొన్నది. తప్పు మీదని అనలేదు. ఒకరి వల్ల వచ్చే జబ్బు కాదని కూడా చెప్పింది. "కాని ఇకమీదట ఆమె దగ్గర ఉండేవాళ్లకి ఒకటి నేర్పాలి సార్. ఆమె చెప్పేది నిజమని ఒప్పుకోనక్కర్లేదు. ఆ బాధ నిజమని ఒప్పుకుంటే చాలు. అక్కడ్నుంచి పారిపోకపోతే ఇంకా మంచిది. వారం వారం రాగలరా?" అన్నది. ఏడు పదులు దాటినవాణ్ణి, ఒక పిల్ల దగ్గర కూర్చుని కూతురితో మాట్లాడటం నేర్చుకోవాలట! చూస్తానని చెప్పి లేచాను. సహజంగానే వెళ్లలేదు. అల్లుడు వెళ్లాడు.

దవాఖాన నుంచి పంపించే రోజున అమ్మాయి ఒకే మాట అన్నది: "నాన్న ఇంటికి రాను. నేను మంచిగా ఉంటేనే ఆ ఇంట్లో ఉండనిస్తారు." అల్లుడు ఆమెను బడంగ్‌పేట్‌లో తన తల్లి దగ్గరికి తీసుకువెళ్లాడు. నా ఫోను నంబరును ఆమె బ్లాక్ చేసింది. నా కూతురు నన్ను మళ్లీ దగ్గరికి రానిస్తుందా అన్నదొక్కటే ఆనాటినుంచి నాకు మిగిలిన ప్రశ్న. దానికి సాహిత్యంలో సమాధానం వెదికి కొన్ని నెలలు వృథా చేశాను. రెండుసార్లు చంపాపేట్ దాకా బస్సులో, అక్కడినుంచి షేర్ ఆటోలో వెళ్లాను. రెండుసార్లూ ఆమె మేడ మీదినుంచి "వెళ్లిపోమనండి" అన్నది. వెళ్లిపోయాను. ఇష్టం లేనివారి గడప తొక్కరాదని, మర్యాద తెలిసినవాణ్ణని నాకు నేను చెప్పుకొంటూ వెళ్లిపోయాను. మర్యాద అన్న దుప్పటి కింద ఎంత పిరికితనం పడుకొంటుందో!

మూడవసారి వియ్యపురాలు షెడ్డులోంచి బయటికి వచ్చి గేటు దగ్గరే నన్ను పట్టుకొన్నది. వెంట్రుకలనుంచి కాళ్లదాకా తెల్లని పిండి.

"ఏందన్నా, మల్ల గేటు దాక ఒచ్చి ఎనక్కి పోవుడేనా? అలక నీ బిడ్డకంటె నీకే జాస్తున్నదే!"

"తాను వద్దన్న తరువాత చెల్లెమ్మా..."

"ఒద్దంటది. నన్ను గుడ ఒద్దంటది. పొద్దుగాల నేను అమ్మను, మాపటికి రాచ్చసిని, తెల్లారితె మల్ల అమ్మను. ఆమె ఒద్దన్నప్పుడల్ల పోతే నేనీ పాటికి నల్లగొండ నడుచుకుంట చేరుకుందును."

"మరి మీరేమంటారు?"

"ఏమంట? గిర్ని నడుస్తుంటె నాకు సగం ఇనవడదు. సగం మాటలు పిండిల కలుస్తయ్. కడమ సగానికి నేను గుడ తిడ్త. నేనేమన్న దేవతనా? కాని పొమ్మన. నేను పోత అని గుడ అన." చేతుల పిండి చెంగుకు తుడుచుకొన్నది. "ఒక్కనాడు నోరు జారిన. పో అన్న. ఆ రాత్రి మల్ల దవాఖానకు పోయినం. అప్పట్నుంచి ఆ మాటకు తాళమేసిన. రా, లోపలికి రా. జొన్నలొచ్చినయ్, మనిషి లేడు. సంచి పట్టు."

అడగడం కాదు, ఆజ్ఞ. షెడ్డులో ఒక ఎత్తుపీట చూపించి, మర మూతి కింద పెద్ద గోతాం తెరిచి దాని అంచులు రెండూ నా చేతుల్లో పెట్టింది. "ఇడిస్తె జొన్నపిండంత నేల పాలు. ఇడవకు." మర తిరగసాగింది. పద్యాలకు తప్ప దేనికీ చాపని చేతులతో నేను గోనెసంచి పట్టుకొని కూర్చున్నాను. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒక ఆవిడ బల్ల మీద కూర్చుని నన్ను వింతగా చూస్తున్నది.

అప్పుడు అమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

"ఎందుకొచ్చారు? ఇంకో కాగితం తెచ్చారా?"

"లేదమ్మా."

"తెచ్చే ఉంటారు. జేబులో చూసుకోండి. నా గురించి మీకు కాగితమే వచ్చు. అమ్మ పోయిన రోజు పక్కగదిలో నేను ఏడుస్తుంటే మీరు సంతాప పద్యాలు వ్రాసుకుంటూ కూర్చున్నారు. ఛందస్సు కుదిరిందా నాన్నా? కుదిరే ఉంటుంది!"

మర చప్పుడును మించి అరుస్తున్నది. నా ముఖం కాలిపోయింది. ఆ పద్యాలు అచ్చయ్యాయి, మెచ్చుకోళ్లు వచ్చాయి. లేచి వెళ్లిపోవాలని ఒళ్లంతా కదిలింది. యాభైయేళ్ల అలవాటు మోకాళ్లలోకి వచ్చింది. లేవబోయాను. గోతాం అంచు వంగి పిండి నా పంచె మీద ఒలికింది.

"ఏయ్, ఇడవకన్న!" అన్నది వియ్యపురాలు.

కూర్చున్నాను. నాలో ఏదో మహోన్నతమైన మార్పు కలిగి కూర్చోలేదు. ఎవరి జొన్నపిండో నేలపాలు చేశానన్న మాట పడలేక కూర్చున్నాను.

"చూశారా! పోవాలనే చూస్తారు. పోండి! అదొక్కటే కదా మీకు వచ్చింది. నేను ఏడిస్తే లేచిపోవడం, నేను అరిస్తే లేచిపోవడం, మళ్లీ నేనే కాళ్ల దగ్గరకొచ్చి సారీ అనాలి. ఏడేళ్ల పిల్లని, ఆకలేసినా అన్నం ముందు కాదు, సారీ ముందు! మీకంటే ఈ మర నయం. కనీసం ఉన్నచోట ఉంటుంది!"

జొన్నల ఆవిడ "ఏందే ఈ లొల్లి?" అన్నది.

"తండ్రిబిడ్డలు మాట్లాడుకుంటున్నరు. నువ్వు నీ జొన్నలు సూసుకో" అన్నది వియ్యపురాలు, తల తిప్పకుండా.

ఎంతసేపు గడిచిందో తెలియదు. అన్నమాటే మళ్లీ అన్నది. కొన్ని అబద్ధాలు కూడా అన్నది. ఆమె తల్లిని నేనే చంపానన్నది. ఖండించడానికి నోరు తెరిచాను. ఖండిస్తే వాదం నేను గెలుస్తాను; గెలిచిన అలవాటున్నవాణ్ణి. మూశాను. "నీకు చాలా కష్టమయింది" అన్నాను. మర చప్పుడులో ఆమెకు వినపడలేదు. మళ్లీ గట్టిగా అనవలసి వచ్చింది. అరిచి చెప్పాను. అట్లాంటి మాట అరిచి చెబితే ఎంత వికారంగా ఉంటుందో అంత వికారంగానూ ఉన్నది. ఆమె "నటించకండి!" అన్నది. ఆ తరువాత గొంతు పగిలింది. కేక ఏడుపయింది, ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు తెరపి ఇస్తూ దూరదూరంగా వచ్చాయి. ఆమె పోయి జొన్నల ఆవిడ పక్కన బల్ల మీద కూర్చున్నది. ఆ ఆవిడ జరిగి చోటిచ్చింది.

నా కూతురి కోపం ముగియడం నేను చూడటం అదే మొదటిసారి. ముప్పైయేళ్లలో ప్రతిసారీ నడుమనే లేచిపోయాను. దానికి అంతం ఉంటుందని, అది ఇంత మామూలుగా, వర్షం వెలిసినట్లు వెలుస్తుందని నాకు తెలియదు. తెలియకుండానే దానికి పేరు పెట్టాను, లక్షణాలు చెప్పాను, సంతకాలు పెట్టించుకొన్నాను. సగం చదివిన కావ్యానికి వ్యాఖ్యానం వ్రాసిన పండితుణ్ణి తరగతిలో ఎంత ఎగతాళి చేసేవాణ్ణో!

మర ఆగింది. చెవుల్లో ఇంకా హోరు.

"సంచి నిండింది. కట్టండి" అన్నది అమ్మాయి.

కట్టడం నాకు చేతకాలేదు. ఆమె లేచి వచ్చి పురికొసతో రెండు చుట్లు వేసి బిగించింది. ఆమె చేతికి నా చేయి తగిలింది. ఆమె వెనక్కి తీసుకోలేదు, పట్టుకోనూ లేదు.

"ఆయన ఇప్పుడు ఫోన్ లాకర్లో పెట్టే ముందు మెసేజ్ పెడతారు. ఒంటిగంటకి తీస్తానని" అన్నది, నేల వంక చూస్తూ. "తీస్తారు కూడా. ఒక్కోసారి ఒంటిగంటా పదికి. ఆ పది నిమిషాలకి డాక్టర్ గారు ఏవో నేర్పారు. చల్లనీళ్లు, ఊపిరి లెక్కపెట్టడం. కొన్నిసార్లు పనిచేస్తాయి."

"మంచిది."

"మంచిదేం కాదు. కష్టంగా ఉంటుంది."

"కష్టంగానే ఉంటుంది" అన్నాను. ఆమె తల ఎత్తి చూసింది.

వియ్యపురాలు తెచ్చిన టీ తాగాం. పంచె మీద పిండి దులపబోతే "ఉండనీ అన్నా, బస్సుల జర చోటన్న ఇస్తరు" అన్నది ఆవిడ. వెళ్లేటప్పుడు అమ్మాయి గేటు దాకా రాలేదు. మెట్ల మీదనుంచి అడిగింది.

"మళ్లీ వస్తారా?"

నోటికి ఒక దీర్ఘసమాసం వచ్చింది. ఎంత గొప్ప హామీ ఇయ్యగలనో నాకు తెలుసు. దాన్ని మింగాను. "బుధవారం వస్తాను."

"రాకపోతే?"

"తిట్టు."

"ఫోన్లో ఎలా తిడతా? మిమ్మల్ని బ్లాక్ చేశాగా!"

"రాకుంటె నేనే ఒస్త మీ కాలనీకి" అన్నది వియ్యపురాలు. "ఆ పెద్దమనుషుల ముంగట్నే తిడ్త. ముగ్గురికి కలిపి."

బుధవారం వెళ్లాను. అమ్మాయి క్రిందికి రాలేదు. ఆ రోజు నేను పనికిమాలినవాణ్ణట. మేడ మీద తలుపు వేసుకొని ఉన్నది. కిటికీ మాత్రం తెరిచి ఉన్నది. షెడ్డులో ఎవరున్నదీ అక్కడినుంచి కనబడుతుంది. చీకటి పడేవరకు గోధుమలూ శనగలూ వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్క సంచీ తెరిచి పట్టుకొని కూర్చున్నాను.